గుండెదడ 'మామూలే' అంటే ఊరుకోవద్దు



నలభై ఎనిమిదో ఏట నాకు రాత్రిళ్లు ఒంట్లో ఆవిర్లు, చెమటలు, గుండెదడ మొదలయ్యాయి. డాక్టరు నాడి కూడా చూడకుండా "ముట్లుడిగే వయసు, మామూలేనమ్మా" అన్నాడు. ఏడాది ఊరుకున్నాను. తర్వాత చూపించుకుంటే బి.పి. బాగా ఎక్కువుంది.

గుండె గడియారంలా ఒకే లెక్కన కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఈ హెచ్చుతగ్గులుండటమే ఆరోగ్యం. వయసుతోపాటు, ముట్లుడిగి ఈస్ట్రోజన్ తగ్గాక, ఇవి తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఎందరికో ముందే ముంచుకొస్తోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. దాంతోపాటు అండాశయాలు రెండూ తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. చిన్నవయసులో అలా జరిగితే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

అందుకే ఆపరేషన్ అంటే "ఎందుకు? వేరే వైద్యం లేదా? అండాశయాలు ఉంచుతారా?" అని అడుగుదాం. దడ అంటే బి.పి., రక్తహీనత, థైరాయిడ్, ఇ.సి.జి. చూడమందాం. అడగడం గొంతెమ్మ కోరిక కాదు, మన హక్కు.