రేడియేషను తరువాతి తొలి చిత్రం
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మెదడులోని గ్లయోబ్లాస్టోమా గడ్డకు రేడియేషను ముగిసిన పిమ్మట తీసిన తొలి ఎమ్మారై చిత్రంలో తెల్లని మచ్చ మునుపటికంటె పెద్దదిగా కనబడవచ్చును. ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. ఆ తెలుపంతా గడ్డే కానక్కరలేదు. నరం గుండా ఎక్కించిన గడోలినియం మందు, రక్తనాళాల గోడ చెడినచోట బయటికి ఊరి అలా మెరుస్తుంది. గోడను గడ్డా చెడగొడుతుంది, కిరణాలూ చెడగొడతాయి. ఏది ఎవరి పనో ఒక్క చిత్రంతో తేల్చడం నిపుణులకే కష్టం!

అందువల్లనే 2010 నాటి రానో నియమాలు, రేడియేషను ముగిసిన 12 వారాలలోపు కిరణాలు సోకిన మేరలోనే మచ్చ పెరిగితే, కణపరీక్షలో తేలనిదే వ్యాధి ముదిరిందని నిర్ధారించరాదన్నవి. కొన్ని వారాలకు మళ్లీ తీసి పోల్చి చూస్తారు. మూర్ఛలు, వాంతులు వస్తే మాత్రం ఆగరాదు.

మనలో కొందరికి వైద్యం బెంగుళూరులో, కాపురం బళ్లారిలో. పోల్చడానికి కావలసిన పాత చిత్రాలు, డిస్కులు ఆ ఊరి వైద్యునికీ ఈ ఊరి వైద్యునికీ మీరే చేర్చాలి.