పాముకీ కావాలి చల్లని చోటు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లో చల్లగా వుండే మూల ఏదా అని మనందరం వెతుక్కుంటాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప తీసుకుని ఏ వసారాలోకో, కిటికీ తలుపులు మూసిన వెనకగదిలోకో చేరతాం. సరిగ్గా అదే వెతుకులాట మన పెరటి చుట్టుపక్కల వుండే పాముకీ వుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే, వేసవిలో పాము మన ఇంట్లో ఎక్కడ దూరుతుందో చాలావరకు మనమే ముందుగా చెప్పెయ్యవచ్చు. "అన్నం తిని కూచున్న వేళ పాముల కబుర్లేమిటండీ!" అని రేడియో కట్టెయ్యకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని పట్నాలనుంచి పుట్టిళ్ళకి వెళ్ళే రోజులివి.

ముందు పాము వొంటి తీరు చెబుతాను. ఎండ తగిలితే మనకి చెమట పడుతుంది, ఆ చెమట ఆరితే వొళ్ళు చల్లబడుతుంది. పాముకి చెమట పట్టదు. చుట్టూ వున్న నేల, గాలి ఎంత వేడిగా వుంటే దాని వొళ్ళూ అంత వేడెక్కుతుంది. ముప్ఫై డిగ్రీల దగ్గర అది హాయిగా వుంటుంది. నలభై దాటిన వేడిలో తప్పించుకునే దారి లేకపోతే చాలా జాతుల పాములు బ్రతకలేవు. మే నెలలో మన ఏలూరు జిల్లాలో నలభై దాటే రోజులు వుంటూనే వుంటాయి కదా! పైగా అది నీడలో గాలిని కొలిచిన లెక్క. ఎండ పడే సిమెంటు చపటా, ఇసక నేల అంతకంటే ఎంతో ఎక్కువ కాలుతూ వుంటాయి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ నేలమీద పొట్టతో పాకవలసిన ప్రాణి ఏం చేస్తుంది? పగలంతా బొరియలోనో, రాళ్ళ సందునో, తడిమట్టిలోనో పడుకుని చీకటి పడ్డాక బయలుదేరుతుంది. పగలు తిరిగే అలవాటున్న జెర్రిగొడ్డు కూడా మిట్టమధ్యాహ్నం బయట కనపడదు.

మా చింతలపూడి వైపు మెట్టప్రాంతం. పూర్వం మామిడి, జీడిమామిడి, పొగాకు ఎక్కువ. ఇప్పుడు ఎటు చూసినా పామాయిలు తోటలే. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ కూడా వుంది. ఈ చెట్టుకి దాహం ఎక్కువ. ఎదిగిన చెట్టుకి వేసవిలో రోజుకి 200 లీటర్లకి పైగా నీళ్ళు కావాలి. నరికిన మట్టల్ని చెట్ల వరసల మధ్యనే పరుస్తారు. పైన దట్టమైన నీడ, కింద తడి, మట్టల చాటున గెలలకోసం వచ్చే ఎలుకలు! పాముకి ఇంతకంటే వసతి ఏం కావాలి? చుట్టూ బీడంతా మాడిపోతూ వుంటే అది తోటలోనే వుండిపోతుంది. తోటని ఆనుకుని ఇల్లుంటే, అక్కణ్ణించి మన పెరటి తొట్టి దాకా రావడం దానికి పెద్ద దూరం కాదు.

దిగువన కొల్లేటి వైపు కథ వేరు. అక్కడ నీళ్ళు తగ్గిన కొద్దీ నీరుకట్టు పాములు మిగిలిన గుంటలకీ, చేపల చెరువులకీ, ఒక్కొక్కప్పుడు స్నానాలగదిలోకీ వస్తాయి. వీటికి విషం లేదు. కోపం మాత్రం జాస్తి! తల పలకగా చేసి పైకి లేస్తే తాచుపామేనని జనం పొరబడి కొట్టేస్తారు పాపం.

ఇప్పుడు ఒక్కసారి మీ ఇంట్లో చల్లని చోట్లు లెక్కపెట్టండి. మంచినీళ్ళ కుండ కింద పోసిన తడి ఇసక. కిటికీ బయట పెట్టిన కూలరు కింద నేల. ఏసీ గొట్టంనుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడే గోడవార. స్నానాలగది తూము. తులసికోట వెనక పేర్చిన పూలకుండీలు. ఎప్పుడో మిగిలిన ఇటుకలు, కొబ్బరి మట్టలు, కట్టెలమోపు. గ్యాసు వచ్చాక కూడా కట్టెలమోపు పారెయ్యడానికి మన పెద్దవాళ్ళకి మనసొప్పదు! తూముకి సన్నని జాలీ బిగించండి. తలుపు కింద సందు వుంటే రబ్బరు పట్టీ కొట్టించండి. కుండని పీటమీదకి ఎత్తండి. ఇటుకలు, కట్టెలు గోడకి ఎడంగా పెట్టించండి. వాటిలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. రాత్రి ఎంగిలి మెతుకులు పెరట్లో పడేస్తే ఎలకలొస్తాయి, వాటి వెనక ఇదీ వస్తుంది. వెల్లుల్లి నీళ్ళు, ఇంగువ నీళ్ళు, ఫినాయిలు చల్లితే పాములు రావని చాలామంది చెబుతారు. నాకు వాటిమీద నమ్మకం లేదు. చల్లిన ధైర్యంతో తూము మూయడం మరిచిపోతాం, అదే అసలు ప్రమాదం.

ఇంతా చేసినా పాము వస్తే కంగారుపడి వేడినీళ్ళు పొయ్యకండి, కర్ర తియ్యకండి. కొట్టబోయి కాటు తిన్నవాళ్ళు చాలామంది వున్నారు. పిల్లల్ని బయటికి పంపి, గది తలుపు మూసి, తలుపు సందులో తడితువ్వాలు దోపి, పాములు పట్టే శిక్షణ వున్నవారికో అటవీశాఖకో కబురు చెయ్యండి. అది పెరట్లోనే వుంటే దూరంనుంచి కనిపెట్టి చూడండి. దారి వదిలితే చల్లబడ్డాక తనంతట తనే పోతుంది.

పాముని పట్టి వుంచుకుంటే దాన్నీ చల్లగా చూడాలి. ఆ పని బాగా తెలిసినవారు తమిళనాడులోని ఇరుళవారు. మద్రాసునుంచి మహాబలిపురం వెళ్ళే దారిలో వడనెమ్మేలి దగ్గర వీరి సహకార సంఘం వుంది. 1978లో పెట్టారు. పాముకాటు మందుకి కావలసిన విషం అక్కడ తీస్తారు. వాళ్ళు పాముల్ని ఎక్కడ వుంచుతారనుకున్నారు? మట్టికుండల్లో! అడుగున కొంత ఇసక పోసి, పాముని వదిలి, మూతికి నూలుగుడ్డ కడతారు. గాలాడుతుంది, చీకటిగా వుంటుంది, మన మంచినీళ్ళ కుండలాగే చల్లగా వుంటుంది. మూడు నాలుగు వారాలు వుంచుకుని, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ప్రభుత్వ అనుమతితో చేసే పని అది. మనం సరదాకి పట్టి బుట్టలో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నాగులచవితికి బుట్టలో తెచ్చే పాము ఆబగా పాలు తాగిందంటే భక్తి కాదండీ, రోజుల తరబడి నీళ్ళు లేక ఎండిన దాహం.

పెద్ద పట్నాల్లో విదేశీ కొండచిలువల్ని అద్దాల పెట్టెలో పెంచేవాళ్ళు కొందరున్నారు. ఇలాంటి జంతువుల్ని నమోదు చేయించడానికి 2024లో నియమాలు వచ్చాయి. మీ అబ్బాయి మారాం చేస్తే నా సలహా వద్దనే. ఇప్పటికే వుంటే మాత్రం ఆ పెట్టెని ఎండపడే కిటికీ దగ్గర పెట్టనివ్వకండి. గాలాడని అద్దాలపెట్టె ఎండలో చూస్తూ వుండగానే పొయ్యిలాగా అవుతుంది. పాము చుట్టచుట్టుకుని మునిగేంత నీళ్ళపళ్ళెం, చల్లని మూలన ఒక బోర్లించిన పెంకు, తలుపు తీసిన గది వుండాలి. ఐసుముక్కలు మీద వెయ్యకూడదు. నోరు తెరుచుకుని వున్నా, పళ్ళెంలోంచి బయటికి రాకపోయినా వేడి తగిలిందనే అనుమానించాలి.

ఇక ప్రాణంమీదకి వచ్చే సంగతి. ఉక్కపోతకి నేలమీద, అరుగుమీద పడుకుంటాం. రాత్రి తిరిగే కట్లపాము అలాంటివాళ్ళనే కాటేస్తుంది. నొప్పి వుండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లవారుజామున పిల్లవాడు కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు. అజీర్తి అనుకుని వాము నమిలిస్తూ కూచుంటే ప్రాణం పోతుంది. 2020లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారు. అందులో సగం మరణాలు వానలు మొదలయ్యే జూన్‌నుంచి సెప్టెంబరు లోపలే. కాబట్టి మంచమో, అది లేకపోతే దోమతెరో తప్పకుండా వుండాలి. తెర అంచులు పరుపు కిందికి దోపాలి. రాత్రి పెరట్లోకి వెళ్ళేటప్పుడు చేతిలో టార్చి, కాలికి చెప్పు వుండాలి.

కాటుపడితే ఆ కాలో చెయ్యో కదలకుండా ఒక బద్దకి వదులుగా కట్టి పడుకోబెట్టండి. బిగించి తాడు కట్టవద్దు, కొయ్యవద్దు, నోటితో పీల్చవద్దు. కాలు వాచకముందే మెట్టెలు, పట్టీలు తీసెయ్యండి. చేతికైతే గాజులు, ఉంగరాలు. ముత్తయిదువ మెట్టెలు తీయకూడదని పెద్దావిడ ఎవరైనా అడ్డుపడతారు. వాపు వస్తే అవే వేలిని కోస్తాయని నచ్చజెప్పండి. 108కి ఫోను చెయ్యండి. మంత్రానికో పసరుకో దారిలో ఆగకండి. పాముని పట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళనక్కరలేదు. మన దేశంలో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే. ఎన్ని గంటలకి కరిచింది, రెప్పలు ఎప్పుడు వాలాయి, వాంతి ఎప్పుడైంది అనేవి ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుగారి చేతికివ్వండి.