అసెంబ్లీ భాషలో అక్షరాల రాకపోకలు

విద్యార్థులారా! కీబోర్డు మీద టైపు చేసిన మాటను చదివి, తిరిగి తెర మీద ముద్రించే చిన్న ప్రోగ్రాంను ఈ రోజు పరిశీలిద్దాం. సీ భాషలో ఇది రెండు మూడు వాక్యాల పని. అసెంబ్లీలో మాత్రం ఎన్ని బైట్లు వచ్చాయో మనమే లెక్క చూసుకోవాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. అక్కడి విద్యార్థి ఒకరు లినక్స్ కంప్యూటరు మీద ‘అండమాన్’ అని తెలుగులోనే టైపు చేసి ఎంటర్ నొక్కారనుకుందాం.

64 బిట్ల లినక్స్‌లో చదవడానికి ఆర్‌ఏఎక్స్‌లో 0, ఆర్‌డీఐలో 0, ఆర్‌ఎస్‌ఐలో బఫర్ చిరునామా, ఆర్‌డీఎక్స్‌లో బఫర్ పరిమాణం ఉంచి, సిస్‌కాల్ అనే ఆదేశం ఇస్తాం. వచ్చిన బైట్ల సంఖ్యను కెర్నెల్ ఆర్‌ఏఎక్స్‌లో పెట్టి మనకు అప్పగిస్తుంది. దాన్ని వెంటనే ఆర్‌డీఎక్స్‌లోకి మార్చుకోండి. ఎందుకంటే, ముద్రించడానికి ఆర్‌ఏఎక్స్‌లోనూ ఆర్‌డీఐలోనూ 1 ఉంచాలి. అప్పుడు పాత సంఖ్య చెరిగిపోతుంది.

ఇంతకీ ఆ సంఖ్య ఎంత? మన కంటికి అం, డ, మా, న్ అని నాలుగే. యూనికోడ్‌లో అవి అ, సున్న, డ, మ, దీర్ఘం, న, పొల్లు అని ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. మొత్తం 21, ఎంటర్‌తో కలిపి 22. ఇంగ్లీషు లిపిలో రాస్తే 8 బైట్లతో సరిపోయేది.

నాలుగక్షరాలే కదా అని 20 బైట్లే అడిగారనుకోండి. ఆరు సంకేతాలకు 18 పోగా, పొల్లులో రెండు బైట్లే లోపలికి వస్తాయి. తెర మీద ‘అండమాన’, దాని పక్కన అర్థంలేని గుర్తు ఒకటి కనిపిస్తాయి. మిగిలిన రెండు బైట్లు మాయం కావు. మన ప్రోగ్రాం ముగిశాక వాటిని షెల్ చదువుకుంటుంది. అలా మిగిలిపోయింది ఒక ఆదేశమే అయితే, అది అమలైపోతుంది కూడా!

బఫర్ 20 బైట్లే ఉండగా ఆర్‌డీఎక్స్‌లో 100 అని రాయడం ఇంకా ప్రమాదం. కెర్నెల్ మన మాట నమ్మి, పక్కనున్న డేటా మీద రాసేస్తుంది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ ఇటువంటి లోపాన్నే వాడుకుంది. ఫింగర్ అనే ప్రోగ్రాంలో 512 బైట్ల చోటులోకి 536 బైట్లు పంపింది.

ఇక మీకు ఒక అభ్యాసం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో ‘శ్రీ విజయపురం’ అని పేరు మార్చారు. నడుమ ఖాళీతో సహా ఆ పేరు టైపు చేయండి. ఎంటర్‌తో కలిపి 38 రావాలి. ‘శ్రీ’ని విడదీసి చూస్తే లెక్క తేలికగా తేలుతుంది.