డాలర్ ట్రేడింగ్: ఐదు నిమిషాలా, ఐదు వారాలా?

(వార్షిక మహాసభలో సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు లింకేజీ గురించి పొద్దుట్నుంచి వింటూనే ఉన్నారు. నన్ను మాట్లాడమన్నది వేరే సంగతి. మన ఇళ్లల్లో పిల్లలు ఫోన్లో డాలర్ ధర చూస్తూ, "అమ్మా, గ్రూపు లోన్లో ఓ యాభై వేలివ్వు, ట్రేడింగ్ చేస్తా" అంటున్నారు. ఇవ్వాలా వద్దా అనే ముందు ఒక్క మాట అడగండి: ఏ టైమ్ ఫ్రేమ్‌లో చేస్తావురా?

ఇదేం పెద్ద విద్య కాదు. మల్లెపూలు అమ్మే ఆమె సాయంత్రానికి బుట్ట ఖాళీ చెయ్యాల్సిందే. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెట్టిన రైతు నెలలు ఆగుతాడు. ఇద్దరిదీ వ్యాపారమే, గడువు వేరు. కరెన్సీలోనూ అంతే. ఐదు నిమిషాల చార్టు చూసేవాడు నిమిషాల్లో కొని అమ్మేస్తాడు. రోజు చార్టు చూసేవాడు రోజులు, వారాలు ఉంచుతాడు.

కొత్తవాళ్లు ముందు ఐదు నిమిషాల దగ్గరికే పోతారు, డబ్బు త్వరగా కనిపిస్తుందని. లెక్క వేద్దాం, మనకు లెక్కలు కొత్త కాదుగా. ఎన్‌ఎస్‌ఈలో డాలర్-రూపాయి ఒక లాటు అంటే వెయ్యి డాలర్లు. ధర ఒక్క పైసా కదిలితే 10 రూపాయలు. మూడు పైసలు మనవైపు కదిలిందనుకోండి, 30 రూపాయలు వచ్చాయి. కొన్నందుకు 20, అమ్మినందుకు 20 బ్రోకరేజీ అనుకోండి. అంచనా నిజమైంది, చేతిలోంచి పది పోయింది! పన్నులు ఇంకా వెయ్యలేదు. అదే మనిషి నాలుగు రోజులు ఆగి 30 పైసలు పట్టుకుంటే 300. బ్రోకరేజీ అదే 40.

అట్లని ఆగడం ఊరికే రాదు. నష్టం కూడా 30 పైసలు రావచ్చు. రాత్రి అమెరికాలో వడ్డీ రేట్ల మాట ఏదైనా వస్తే, పొద్దున 9కి మన మార్కెట్ తెరిచేసరికి ధర ఎక్కడో ఉంటుంది. ఆ కుదుపు తట్టుకోలేని డబ్బు దానికి పనికిరాదు. నెలనెలా కిస్తీ కట్టాల్సిన డబ్బయితే అసలే పనికిరాదు.

నేర్చుకునేవాళ్లకు రోజు చార్టే మేలని నా అభిప్రాయం. మార్కెట్ సాయంత్రం 5కి మూస్తారు. వంటయ్యాక పావుగంట చూస్తే చాలు. పైసా పెట్టకుండా, మన మినిట్స్ పుస్తకం లాగా ఒక నోటు పుస్తకంలో తేదీ, ధర, ఎందుకు కొందామనుకున్నాడు, ఎంత నష్టానికి ఆపేస్తాడు అని మూడు నెలలు రాయమనండి. ఎక్కువ మంది రెండో వారానికే పుస్తకం మూసేస్తారు. అదీ మంచిదే, ఖర్చు పుస్తకం ధరే కదా.

పైసా పెట్టకుండా అన్నది నా జాగ్రత్త ఒక్కటే కాదు. రూపాయితో ముడిపడిన ఈ కాంట్రాక్టులు డాలర్లతో నిజంగా పని ఉన్నవాళ్లకేనని 2024 జనవరిలో రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పింది. రేటు మీద పందెం కాయడానికి కాదు. మీలో ఒకరి అమ్మాయి అమెరికాలో చదువుతోంది, ఆగస్టులో ఫీజు కట్టాలి అనుకుందాం. ఆ ఇంటికి టైమ్ ఫ్రేమ్ ఏ చార్టూ చెప్పక్కర్లేదు, ఫీజు తేదీ చెబుతుంది.

ఇక ఫోన్లో వచ్చే విదేశీ యాప్‌ల సంగతి. "వంద పెట్టండి, యాభై వేల వ్యాపారం చెయ్యండి" అంటారు. అంటే 500 రెట్లు. డాలర్ 85 రూపాయల దగ్గరుంటే, 17 పైసలు అటు తిరిగితే మీ వంద మొత్తం పోయినట్టే. అక్కడ రోజు చార్టు పెట్టుకున్నా మధ్యాహ్నం దాకా కూడా నిలవరు. అనుమతి లేని ఫారెక్స్ వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు హెచ్చరిక జాబితా పెట్టింది. జాబితాలో పేరు లేదంటే అనుమతి ఉందని కాదు, అదీ గుర్తుంచుకోండి. ఎవరైనా ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

ఆ జాబితా ప్రింటు తీయించి భోజనాల దగ్గర బోర్డుకు అంటించాం. మీ పిల్లల ఫోన్లో ఉన్న యాప్ పేరు అందులో ఉందేమో వెళ్లేటప్పుడు చూసుకోండి. చదవడం రానివాళ్లకు మన బుక్ కీపర్లు చదివి చెబుతారు.