లేజర్ గీతకు పెడన నలుపు

విజయవాడలో నేమ్‌ప్లేట్లు, పెళ్లి కానుకల చెక్కలు ఇప్పుడు లేజర్‌తో కూడా చెక్కుతున్నారు. తీరా చూస్తే ఒక్కోసారి అక్షరం పాలిపోయి ఉంటుంది. పవర్ పెంచితే సరిపోతుందనుకుంటారు. కానీ అతి వేడికి చెక్క ఆవిరైపోతుంది, గుంట లోతవుతుంది, మసి నిలవదు. పవర్ తగ్గించి, ఫోకస్ కాస్త తప్పించి కాలిస్తే రంగు ముదురుతుంది. ముందుగా వంటసోడా నీళ్లు పల్చగా పూసి ఆరబెట్టినా మేలే.

నాకు మాత్రం పెడన కలంకారీవారి కిటుకే నచ్చుతుంది. వాళ్లు బట్టకు కరక్కాయ రసం పట్టించి ఆరబెడతారు. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీటితో నల్ల అచ్చు వేస్తారు. కరక్కాయలోని టానిన్‌కు ఇనుము తగలగానే నలుపెక్కుతుంది. చెక్కకూ అదే సూత్రం. తుమ్మలాంటి చెక్కలో టానిన్ సహజంగానే ఉంటుంది. తెల్లచెక్కయితే గీతల్లో మసి దులిపి, కరక్కాయ రసం పూసి, ఆరాక ఇనుపనీరు అద్దాలి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ నీరు చెక్క నార వెంట పాకి అక్షరం అలుక్కుపోతుంది. కాబట్టి చెక్కే ముందే పైన వార్నిష్ వేసి బాగా ఆరనివ్వండి. అసలు పలక జోలికి వెళ్లేముందు అదే చెక్క తుంట మీద ఒకసారి చేసి చూడండి.