ఎండిన జిగురు – ఇంటి గోడ
(ప్రసంగ పాఠము)



‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని పెద్దలన్నారు. బదిలీ ఉద్యోగులు ‘ఇల్లు ఖాళీ చేసి చూడు’ అని కూడ చేర్చుకొనవచ్చును. జనక్‌పురి డి.డి.ఎ. ఇండ్లలో కాపురముండు తెలుగు కుటుంబములకు ఇది అనుభవమే. సంక్రాంతి బొమ్మల కొలువు వెనుక అంటించిన రంగు కాగితములు, పుట్టినరోజున పైకప్పుకు అతికించిన తోరణములు, పడకగదిలో పిల్లలు అంటించుకొన్న మెరుపు నక్షత్రములు – వీనిని తీసివేయుట సులభమే. వాని జిగురు మాత్రము ఢిల్లీ వేసవికి ఎండి, గట్టిపడి, గోడను విడువదు.

అప్పుడు గృహస్థుడు చేయు మొదటి పొరపాటు చాకు పుచ్చుకొని గీకుట. జిగురుతోపాటు రంగు, రంగుతోపాటు లప్పము ఊడివచ్చును. గోడ పాడగుట జిగురువలన తక్కువ, తొందరవలన ఎక్కువ. ముందుగా తెలిసికొనవలసినవి రెండు: అంటినది ఏ జిగురు? దాని క్రిందిది ఏ రంగు?

మైదాపిండి జిగురు నీటికే లొంగును. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డను పది నిమిషములు అదిమి ఉంచినచో మెత్తబడును. ఫెవికాల్ వంటి తెల్లజిగురును నానును గాని, మరికొంత ఓపిక కావలెను. టేపుల జిగురు వేరు జాతిది, నీటికి లొంగదు. జుట్టు ఆరబెట్టుకొను యంత్రముతో వెచ్చచేసి, వ్రేలితో మెల్లగా ఉండచుట్టి తీయవలెను. నూనెరంగు గోడపై మిగిలిన జిడ్డుకు నాలుగు చుక్కల కొబ్బరినూనె చాలును. పిదప సబ్బునీటితో తుడువనిచో క్రొత్త రంగు అచ్చట పట్టదు. సున్నపు గోడకు, డిస్టెంపరు గోడకు నూనె తగులరాదు, మరక లోనికింకును. నీరెక్కువైనను పూతయే కరగిపోవును. అట్టిచోట కొద్దిగా తడిపి తీసి, ఆ మేరకు తిరిగి పూత వేయించుటయే మేలు.

పైకప్పు పనికి కదలని నిచ్చెన కావలెను. పంకా స్విచ్చి ఆపుట మరువరాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది పసివారి క్షేమము. గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని భారత ప్రభుత్వము 2016లో నియమము చేసినది. అది 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వము వేసిన నూనెరంగు పొరలలో సీసము అధికముగా ఉండవచ్చును. దానిని ఉప్పుకాగితముతో పొడిగా రుద్దినచో లేచిన దుమ్ము నేలపై వ్రాలును. ప్రాకులాడు బిడ్డ చేతికంటి నోటికి చేరును. సీసము పసివారి మెదడు ఎదుగుదలకు హానికరము. కావున పాత గోడను తడిపియే పని సాగింపవలెను. పిల్లలను వేరొక గదిలో నుంచవలెను. పని ముగియగనే నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను.

ఒక కుటుంబము వెడలిన ఇంటిలో మరియొక కుటుంబము పాలు పొంగించుకొనును. వారికి గాయములు లేని గోడను అప్పగించుట మర్యాద. ఒక ఆదివారము, ఒక బకెట్టు గోరువెచ్చని నీరు, కొంత ఓపిక – ఇంతకు మించిన ఖర్చు దానికి లేదు. నిదానమే ప్రధానము.