మట్టి మంచిదైతేనే వలకు బలం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. నీటిపారుదల కార్యాలయంలో గుమాస్తాగా ఇంజనీర్ల ఎస్టిమేట్లు, నోట్లు టైపు చేసి ఫైళ్లలో పెట్టినవాణ్ణి. ఇళ్లు, ప్రహరీలు కట్టుకునే మనవాళ్లకు పనికివస్తుందని ఈ విషయం ఎంచుకున్నాను.

ఫ్లైఓవర్లకు ఎక్కే దారుల పక్కన సిమెంటు పలకలు పేర్చిన గోడలు చూస్తుంటాం. వాటి వెనుక మట్టి పొరల మధ్య పాలిమర్ వలలు, పట్టీలు పరుస్తారు. వీటినే జియోసింథటిక్స్ అంటారు. మట్టి నొక్కుడుకు ఆగుతుంది, లాగుడుకు ఆగదు. ఆ లోటును వల తీరుస్తుంది. 1960లలో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ విడాల్ లోహపు పట్టీలతో ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. పాలిమర్ వలలు తరువాత వచ్చాయి.

అయితే మట్టి ఆ వలను గట్టిగా పట్టుకోవాలి. ఇసుక, మంచి మొరం రాపిడితో పట్టుకుంటాయి, నీటిని వదిలేస్తాయి. అందుకే 75 మైక్రాన్ల జల్లెడ దాటే మెత్తని మట్టి సాధారణంగా 15 శాతానికి మించకూడదంటారు.

మన బాల్కొండ, ఆర్మూరు రైతులకు నల్లరేగడి గుణం చెప్పనక్కరలేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందులోని మాంట్‌మోరిల్లనైట్ అనే బంకమన్ను నీటిని పీల్చుకుంటుంది. తడిస్తే వలపై పట్టు సడలుతుంది, నిలిచిన నీరు గోడను బయటికి నెడుతుంది. నీరు నిలిస్తే పసుపు దుంప కుళ్లుతుందని కాలువ తీస్తాం కదా! గోడ వెనుకా అంతే.

మరో రెండు సంగతులు. పి.హెచ్. 9 దాటిన చౌడు నేలలో పాలిస్టర్ వల క్రమంగా బలం కోల్పోతుంది. అక్కడ పాలిథిలిన్ వల మేలు. పదునైన కంకర పోసి రోలరు నడిపితే ఏ వలయినా దెబ్బతింటుంది.

మిత్రుడొకరు గ్రాట్యుటీ సొమ్ముతో పల్లపు ప్లాటు మెరక చేయించి చుట్టూ గోడ కట్టించారు. గుత్తేదారు వల పరిచాడు గాని, తవ్విన రేగడినే నింపాడు. నీళ్లు పోవడానికి రంధ్రాలు వదలలేదు. రెండో వానాకాలానికి గోడ పొట్ట ఉబ్బింది. విప్పి, మొరం నింపి, మళ్లీ కట్టవలసివచ్చింది. ముసలితనంలో ఆ సొమ్ము తిరిగి ఎక్కడినుంచి వస్తుంది?

కనుక ముందు మట్టి పరీక్ష చేయించండి. మొరమే నింపించండి. నీటికి దారి వదిలించండి. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, మట్టి పరీక్ష రిపోర్టు జతపరచనిదే బిల్లు పాసు చేయకండి.